ప్రత్యభిజ్ఞా శాస్త్రం: ఊర్మిళాధికరణం

మన పూర్వులు శాస్త్రం రాయకుండా వదిలేసిన సంగతి తక్కువ. ఒంటి మీద బల్లి పడితే ఏ చోట పడింది, ఆ చోటుకు ఫలమేమిటి అన్నది పంచాంగం చివరి పేజీల్లో ఇప్పటికీ అచ్చవుతోంది. తుమ్ముకు శాస్త్రం ఉంది. దొంగలకు కూడా ఒకటి ఉండేదని చెబుతారు. చిన్నప్పుడు ప్రాణం పెట్టి చూసిన బొమ్మల సినిమాను ముప్ఫై అయిదో ఏట మళ్లీ చూస్తే మనిషికి ఏమవుతుందన్న దాని మీద మాత్రం ఒక్క తాటాకు కూడా దొరకదు. ఈ లోటు పూడ్చే పని నా మీద పడింది. బల్లి పడ్డట్టే పడింది. ఎక్కడ పడిందో చెప్పను.

శాస్త్రమన్నాక ముందు నాలుగు సంగతులు తేల్చాలి: విషయం, ప్రయోజనం, ఆ రెంటికీ ఉన్న సంబంధం, చదవడానికి తగిన అధికారి. దీన్ని అనుబంధ చతుష్టయం అంటారు. విషయం పైన చెప్పాను. ప్రయోజనం శూన్యం. శూన్యానికీ నాకూ ఉన్న సంబంధాన్ని మా ఆవిడ ఒక ఆదివారం ఉదయం అరగంట సేపు విశదీకరించింది, ఇక్కడ మళ్లీ రాయను. ఇక అధికారి. ఎండాకాలం సెలవుల్లో టీవీ ముందు ఎంత దూరంలో కూర్చోవాలన్న విషయమై పెద్దవాళ్లతో తిట్లు తిన్న ప్రతివాడూ ఈ శాస్త్రానికి అధికారే. దూరంగా కూర్చున్న బుద్ధిమంతులకు ఇందులో పనిలేదు.

సూత్రం: చూచినది మరువబడును, చూడనిది గుర్తుండును.

భాష్యం. 1998 వేసవి, రేపల్లెలో మా అమ్మమ్మగారిల్లు. పద్నాలుగంగుళాల టీవీ, దాని మీద చెల్లుబాటయ్యేంత దుమ్ము, ఆ దుమ్ము కనబడకుండా అమ్మమ్మ అల్లిన లేసు గుడ్డ. కార్టూన్ నెట్‌వర్క్‌లో రామాయణం వేస్తున్నారు. సినిమా ఇంగ్లీషులో వచ్చిందని నేను, హిందీలో వచ్చిందని మా అన్నయ్య. ఈ వివాదం ఇరవై ఏడేళ్లుగా నడుస్తోంది. అన్నయ్య డాలస్ వెళ్లి స్థిరపడ్డాక కూడా, పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా ఇద్దరం మా మా వాదనలు మొదటి నుంచి వినిపించుకుంటాం. అమ్మమ్మకు ఆ రెండు భాషలూ రావు కాబట్టి ఆవిడకు పక్షపాతం లేదు.

పైగా ఆ రాని భాషలోంచి ఆవిడ తెలుగులోకి అనువాదం చేసేది, ఒక్క తప్పు లేకుండా. తెర మీద దశరథుడు నోరు తెరవగానే ఇక్కడ నులకమంచం మీంచి దశరథుడు మాట్లాడేవాడు: "ఎంత మాటన్నావే కైకా, ఆ పసివాడు నీకేం చేశాడే!" పెదాలు కూడా కుదిరేవి. ఒక్క మాట పెదాలకు అతకడానికి డబ్బింగు వాళ్లు నానా అవస్థా పడతారని విన్నాను. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చేసేది. మాయలేడి కనబడగానే, ఇంకా సీత దాన్ని చూడకముందే, "అదుగో, నడకే చెబుతోంది చూడరా దొంగదని" అని మమ్మల్ని హెచ్చరించేది. ఒకసారి రాముడి పంచెకట్టు చూసి, "గోచీ ఎంత పొందిగ్గా పోశారో! ఎవరో ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లే గీసుంటారు" అంది. ఈ వాక్యాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. శాస్త్రం దీనికి మళ్లీ వస్తుంది.

లంకలో హనుమంతుణ్ణి పట్టుకున్నారు. తోకకు గుడ్డలు చుట్టారు. నూనె పోశారు. నిప్పంటించారు.

కరెంటు పోయింది.

తాళపత్రాలు పరిష్కరించే పండితులకు ఈ బాధ తెలుసు. ఆకు చివికినచోట, చెద తిన్నచోట, 'ఇచ్చట గ్రంథపాతము' అని రాసి నాలుగు చుక్కలు పెట్టి ముందుకు పోతారు. మా గ్రంథపాతం సుమారు అరగంట. కరెంటు వచ్చేసరికి కోతులు సముద్రంలోకి బండలు విసురుతున్నాయి. ఈ అరగంటా అమ్మమ్మ ఆగలేదు. కిరసనాయిలు దీపం వెలిగించి, విసనకర్ర అందుకుని, తెర లేకుండానే సినిమా నడిపించింది.

"లంకంతా తాటాకిళ్లేరా. అందునా ఎండలు. ఒక కప్పు అంటుకుంటే చాలదూ? మొన్న మన కాలవగట్టున అంటుకున్నట్టే, ఇటుది అటు, అటుది ఇటు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పరుగు. ఒక ముసలమ్మ మంచం బయటికి లాక్కోలేక ఏడుపు. ఈయనేమో పైనుంచి పైనే దూకుతున్నాడు, కిందికి చూడడు."

"విభీషణుడి ఇల్లు కాలలేదుగా అమ్మమ్మా?"

"ఎందుకు కాలుద్ది? అది పెంకుటిల్లు."

వాల్మీకి దగ్గర నుంచి ఇంతమంది వ్యాఖ్యాతలు విభీషణుడి ఇల్లు ఎందుకు మిగిలిందో చెప్పడానికి భక్తినీ ధర్మాన్నీ ఆశ్రయించారు. ఇంటి కప్పు ఏ సరుకుతో వేశారని అడిగిన మొదటి వ్యాఖ్యాత మా అమ్మమ్మ.

ఆ తర్వాత ఇరవై ఏడేళ్లూ నేను ఆ సినిమాలో లంకాదహనాన్ని మించిన దృశ్యం లేదని నలుగురికీ చెబుతూ వచ్చాను. ఆ మంటల రంగు ఇప్పుడు కళ్లు మూసుకున్నా కనబడుతుంది. అన్నయ్య ఒకసారి ఫోనులో, "మంటల రంగేమిట్రా, ఆ టీవీ నలుపు తెలుపు కదా" అన్నాడు. శాస్త్రవేత్తకు ఇలాంటి అన్నయ్యలు ఉండకూడదు.

ఇక మూలగ్రంథ చరిత్ర. దీని అసలు పేరు 'రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ'. దీన్ని తలపెట్టినవాడు యూగో సాకో అనే జపాను దేశస్థుడు. పేరు సాకో గానీ సాకులు చెప్పే మనిషి కాదు. 1983లో పురావస్తు శాస్త్రజ్ఞుడు బి.బి. లాల్ జరిపిన తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి మన దేశం వచ్చాడు. వచ్చినవాడు తవ్వకాలతో సరిపెట్టుకోకుండా కథలో దిగబడ్డాడు. జపాను భాషలో దొరికిన రామాయణాలు పది చదివాడట. మనలో పది చదివినవాళ్లు చేతులెత్తండి. నేను ఎత్తను. రెండు దేశాలూ కలిసి తీద్దామని సాకో అడిగితే, రామాయణం సున్నితమైన విషయమనీ కార్టూను చేయడం కుదరదనీ మన ప్రభుత్వం నుంచి జవాబొచ్చింది. సరేనని పని జపానులో పెట్టుకున్నాడు. 1990లో మొదలు, సుమారు 450 మంది చిత్రకారులు, లక్ష దాకా చేత్తో గీసిన సెల్స్. ఇక్కడ సెల్ అంటే జేబులో మోగేది కాదు. పారదర్శకమైన పలచటి రేకు. దాని మీద బొమ్మ గీసి, వెనకవైపు రంగు పూసి, నేపథ్య చిత్రం మీద పెట్టి ఫొటో తీస్తారు. హనుమంతుడు ఒక్క గెంతు గెంతాలంటే ఎన్ని రేకులు మారాలో ఆలోచిస్తే సముద్రం దాటడం ఆయనకే సులువనిపిస్తుంది.

దర్శకులు ముగ్గురు: సాకో, కోయిచి ససాకి, మన రామ్ మోహన్. సంగీతం వన్‌రాజ్ భాటియా. అసలు కూర్పులో పాటలు సంస్కృతంలో. 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో వేశారు. అయోధ్యలో 1992 డిసెంబరు 6న మసీదు కూల్చి అప్పటికి నెల దాటింది. ఇది హాళ్లలో ఎందుకు నిలబడలేదో, మనలాంటివాళ్లకు హాలులో కాక టీవీలో ఎందుకు దొరికిందో ఈ తేదీలే చెబుతాయి. హిందీలో రాముడికి అరుణ్ గోవిల్, రావణుడికి అమ్రీష్ పురి గొంతులిచ్చారు. అమెరికాలో వచ్చిన కూర్పులో రాముడి గొంతు బ్రయాన్ క్రాన్‌స్టన్‌ది. ఆయనే తర్వాతి రోజుల్లో మత్తుమందు వండే కెమిస్ట్రీ మాస్టారుగా లోకప్రసిద్ధుడయ్యాడు. ఏకపత్నీవ్రతుడి గొంతు ఎటునుంచి ఎటు పోయిందో చూడండి.

పంచెకట్టు గురించి అమ్మమ్మ అన్న మాటకు వద్దాం. జపాను చిత్రకారులకు పంచె కట్టే తీరు ఎలా ఉంటుందో, పిల్లలు పెద్దల దగ్గర ఆశీర్వాదం ఎలా తీసుకుంటారో ఇక్కడి చిత్రకారులు నేర్పారు. ఇది నమోదైన సంగతి. అంటే ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లు దగ్గరుండి గీయించినట్టే. రేపల్లెలో నులకమంచం మీద కూర్చుని, ఒక్క గోచీని చూసి, టోక్యో స్టూడియోలో ఏం జరిగిందో ఊహించడాన్ని తర్కంలో అనుమాన ప్రమాణం అంటారు. పొగను చూసి నిప్పును ఊహించడం దానికి పాతబడిన ఉదాహరణ. ఇకమీదట పాఠ్యగ్రంథాల్లో గోచీని వాడుకోవచ్చు.

2025 జనవరి 24న ఈ సినిమా కొత్త మెరుగులతో, 4కే స్పష్టతతో, తెలుగులో కూడా విడుదలైంది. కొత్త కూర్పులో మన సినీ రచయిత విజయేంద్ర ప్రసాద్ చేయి ఉంది. ఏడేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకుని హైదరాబాదులో ఒక మల్టీప్లెక్సుకు వెళ్లాను. వారం ముందు నుంచీ దానికి కథంతా చెప్పి సిద్ధం చేశాను. ఏ సీనులో నవ్వాలి, ఏ సీనులో భయపడాలి, ఎక్కడ ఏడిస్తే పరవాలేదు, అన్నీ.

దీపాలారాయి. ఇక్కడ దేవదత్తుణ్ణి ప్రవేశపెట్టాలి.

దేవదత్తుడు తార్కికులకూ వేదాంతులకూ బాగా కావలసిన మనిషి. పాపం ఏ ఊరివాడో, ఏం చేసి బతికాడో ఎవరూ రాయలేదు. జీవితమంతా ఉదాహరణగానే గడిపాడు. ఎప్పుడో ఒక ఊళ్లో చూసిన దేవదత్తుడు చాన్నాళ్లకు వేరే ఊళ్లో ఎదురైతే, ఆ దేవదత్తుడే ఈయన అని పోల్చుకుంటాం. అప్పటి ఊరు, కాలం వేరు. ఇప్పటివి వేరు. రెండు వైపులా పొసగని భాగాలు తీసేసి, మిగిలిన మనిషిని పట్టుకోవాలి. తీసేయడాన్ని భాగత్యాగం అన్నారు, పోల్చుకోవడాన్ని ప్రత్యభిజ్ఞ అన్నారు. చూడ్డానికి తేలిగ్గానే ఉంది. నేను హాలులో కూర్చుని చేసి చూశాను. అటువైపు నుంచి రేపల్లె ఉక్కపోత, నలుపు తెలుపు తెర, చిక్కుడుకాయలు తీసేశాను. ఇటువైపు నుంచి ఏసీ చలి, గోడంత తెర, టిక్కెట్టు కంటే ప్రియమైన పాప్‌కార్న్ తీసేశాను. మధ్యలో మిగలాల్సిన సినిమా కోసం చూస్తే, తెర మీద నడుస్తున్నది నాకు బొత్తిగా కొత్తది.

బాగాలేదని కాదు, చాలా బాగుంది. అడవి వెనక ఆకాశం చేత్తో రంగులద్దిన ఆకాశమని ఇప్పుడు తెలుస్తోంది, కుంచె పోయిన దారి కూడా కనబడుతోంది. కానీ లంక అంటుకున్నప్పుడు నా గుండె జారిపోయింది. తాటాకిళ్లు లేవు. బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు లేరు. ఎటు చూసినా మేడలు, గోపురాలు. ముసలమ్మ మంచం ఏమైందో అడిగేవాడు లేడు. మూలంలో పొరపాటు దొర్లిందని అప్పటికప్పుడు నిశ్చయించుకున్నాను. జపాను వాళ్లు పది రామాయణాలు చదివారు గానీ పదకొండోది వాళ్లకు దొరకలేదు.

పూర్వపక్షి ఇక్కడ చెయ్యెత్తుతాడు. "అయ్యా, ఇది శాస్త్రమా, మీ అమ్మమ్మగారి కథా?" పూర్వపక్షిని కాసేపు బయట నిలబెట్టి రెండో సూత్రానికి వెళదాం.

సూత్రం: బొమ్మకు వయసు రాదు, చూచువాని పక్షము మారును.

భాష్యం అక్కర్లేనంత తేలిక సూత్రం. ఎనిమిదేళ్లవాడు హనుమంతుడి పక్షం. పదహారేళ్లవాడు లక్ష్మణుడి పక్షం, ఎందుకంటే ఇంట్లో అందరి మీదా కోపంగా ఉండేది వాడొక్కడే. పెళ్లికెదిగిన పిల్లల తండ్రి దశరథుడి పక్షాన చేరతాడు, అదీ ఆలస్యంగా. ముప్ఫై అయిదేళ్ల ఉద్యోగస్థుడు ఎవరి పక్షమన్నది ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. నేను తేల్చాను. కుంభకర్ణుడి పక్షం.

చిన్నప్పుడు ఆ సీనుకు పడీపడీ నవ్వాను. కొండలాంటి మనిషి పడుకుని ఉంటాడు, చుట్టూ చీమల్లా జనం లేపడానికి నానా తంటాలూ పడుతుంటారు. ఈసారి నవ్వు రాలేదు. హాలులో నాతోటి మగాళ్లెవరూ నవ్వలేదు, నేను గమనించాను. ఆలోచించండి. సెలవు పెట్టి పడుకున్న మనిషి. అది మంజూరైన సెలవు, బ్రహ్మదేవుడి సంతకంతో. ఆఫీసులో ఎవరో చేసిన తెలివితక్కువ పనికి పీకల మీదికొచ్చింది. "నువ్వు తప్ప ఎవరూ లేరు" అని లేపుకొచ్చారు. వచ్చి విషయం విన్నాడు. ఈ పని మొదట్లోనే తప్పు, చేసేముందు ఒక మాట అడగాల్సిందని పెద్దన్నగారి ముఖం మీదే అన్నాడని రామాయణం చెబుతోంది. మీటింగులో సరైన మాట అన్నవాడికి ఏం జరుగుతుందో అదే జరిగింది. తిట్లు తిన్నాడు. తిని, సరే ఎటూ లేచాను కదా అని డ్యూటీకి బయల్దేరాడు. మళ్లీ పడుకోలేదు. ఇంతకంటే నిజాయితీపరుడైన ఉద్యోగి ఇతిహాసాల్లో ఇంకొకడుంటే చూపించండి. పక్క వరసలో ఒకాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దం మసకబారిందేమో, నేను అడగలేదు.

ఇప్పుడు అసలు అధికరణం. అధికరణానికి విషయం, సందేహం, పూర్వపక్షం, సిద్ధాంతం అంటూ అంగాలుంటాయి. వరసగా పోతాను.

విషయం: సినిమాలో ఊర్మిళ నిద్రపోయే సీను. నాకు స్పష్టంగా గుర్తుంది. చీకటి గది, మూల దీపం, తలుపు దగ్గరగా వేసి ఉంది, లోపల మంచం మీద ఊర్మిళ అటు తిరిగి పడుకుని ఉంది. వారం ముందు మా అమ్మాయికి చెప్పినవాటిలో ఈ సీనూ ఉంది. "మొగుడు అడవిలో పద్నాలుగేళ్లూ నిద్రపోకూడదు. ఆ నిద్రంతా ఊర్మిళ తీసుకుంది" అన్నాను. దానికి ఈ లెక్క బాగా నచ్చింది. దాని హోంవర్కు ఎవరు తీసుకుంటారని వెంటనే అడిగింది కూడా.

సందేహం: సినిమా సగం దాటింది, ఊర్మిళ రాలేదు. వనవాసం అయిపోవచ్చింది, రాలేదు. యుద్ధం మొదలైంది. యుద్ధం మధ్యలో ఎవరైనా అయోధ్యకు వెళ్లి ఆవిడ గది తలుపు తీస్తారేమోనని చూస్తూ కూర్చున్నాను.

పూర్వపక్షం: ఆ సీను సినిమాలో లేదు, ఎప్పుడూ లేదు. 'ఊర్మిళాదేవి నిద్ర' మన తెలుగు ఆడవాళ్ల పాట. వాల్మీకిలోనే లేని నిద్ర టోక్యోలోకి ఎలా వెళుతుంది?

దీన్ని ఖండించడానికి డాలస్‌కు ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి దాటింది. అన్నయ్య కుంభకర్ణ పక్షం వాడే, చాలాసేపటికి ఎత్తాడు.

"ఊర్మిళ పడుకునే సీను ఉందా లేదా?"

"ఎందుకు లేదు? దీపం, గది, అటు తిరిగి పడుకుని ఉంటుంది. హిందీలో ఏదో పాట కూడా వస్తుంది."

"పాట హిందీది కాదు."

"మళ్లీ మొదలెట్టకు" అని పెట్టేశాడు.

రెండు ఖండాల్లో ఇద్దరు సాక్షులు, భాష దగ్గర తప్ప ప్రతి వివరం దగ్గరా ఏకాభిప్రాయం. ఏ కోర్టులోనైనా చెల్లే సాక్ష్యం. లేని పామును తాడులో చూస్తే దాన్ని భ్రాంతి అంటారు, ఒప్పుకుంటాను. కానీ ఇద్దరు అన్నదమ్ములు ఒకే తాడులో, ఒకే రంగు, ఒకే పొడుగు పామును, అదీ అటు తిరిగి పడుకున్న పామును చూస్తే, ఎవరో చూపించారనే అర్థం. అది ఏ మధ్యాహ్నమో కూడా ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది. సీతారాములు నారబట్టలు కట్టుకున్నారు, వెనకే లక్ష్మణుడు బయల్దేరాడు. అన్నయ్య అడిగాడు, "మరి లక్ష్మణుడి పెళ్లాం ఏది అమ్మమ్మా?" తెర మీద ఆవిడ ఊసు లేదు. అమ్మమ్మ చేతిలో ఈనె ఆగలేదు.

"లోపల గదిలో పడుకుందిరా. పద్నాలుగేళ్ల నిద్ర. పడుకున్నదాన్ని ఎవరైనా టీవీలో చూపిస్తారా, సిగ్గుండక్కర్లా?"

ఆ తర్వాత ఆ పాట సన్నగా ఎత్తుకుంది. తెర మీద రథం పోతూనే ఉంది. మేమిద్దరం రథాన్ని చూడలేదనుకుంటాను.

సిద్ధాంతం: మళ్లీ చూడాలని మనం ఉబలాటపడేది మూలాన్ని కాదు, దాని మీది వ్యాఖ్యను. మూలానికి ఎన్ని మెరుగులు పెట్టినా వ్యాఖ్యకు 4కే కూర్పు రాదు. పూర్వపక్షి ఇక లోపలికి రావచ్చు, అతనడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

రావణుడు పడ్డాడు. రాముడు ఇంటికొచ్చాడు. పేర్లు పడుతున్నాయి, వాటిలో సగం జపాను పేర్లు, జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. మా అమ్మాయి లేవలేదు. కాళ్లు సీటు మీద పెట్టుకుని, తెర వైపే చూస్తోంది.

"నాన్నా, ఊర్మిళ ఏది?"

"లోపల గదిలో పడుకుంది."

"అందరూ వచ్చేశారుగా. లేపొచ్చుగా?"

"కుంభకర్ణుణ్ణి లేపితే ఏమైందో చూశావుగా" అన్నాను.